వింబుల్డన్ ఫుట్‌బాల్ చరిత్ర ఎవరిది?

వింబుల్డన్ అనగానే మనలో చాలామందికి పచ్చిక కోర్టులూ టెన్నిసూ గుర్తుకొస్తాయి. లండన్ నగరానికి నైరుతి దిక్కున ఉన్న అదే ప్రాంతంలో 1889లో ఒక ఫుట్‌బాల్ క్లబ్ పుట్టింది. వందేళ్ళు దాటాక ఆ క్లబ్‌ను దాని యజమానులు దాదాపు 60 మైళ్ళ దూరంలో ఉన్న మిల్టన్ కీన్స్ అనే కొత్త పట్టణానికి తరలించారు. క్లబ్ వెళ్ళిపోయిందని యజమానులు అన్నారు, క్లబ్ ఇక్కడే ఉందని అభిమానులు అన్నారు. నేను ఈ విషయంలో పూర్తిగా అభిమానుల పక్షం. 1988లో వింబుల్డన్ గెలిచిన ఎఫ్.ఏ. కప్పు, అంటే ఇంగ్లండ్‌లోని పెద్దా చిన్నా క్లబ్‌లు ఆడే నాకౌట్ పోటీ కప్పు, ఆ అభిమానులే పెట్టుకున్న ఈనాటి ఏ.ఎఫ్.సి. వింబుల్డన్‌దే అని నేను నమ్ముతాను. కాగితాల ప్రకారం ఆ క్లబ్ 2002లో పుట్టిందన్న సంగతి తెలిసే ఈ మాట అంటున్నాను. ఇది అభిమానం కొద్దీ అంటున్న మాట కాదు. ఇంగ్లండ్ ఫుట్‌బాల్ వ్యవస్థ తన చరిత్రలో తానే పాటించిన నియమాన్ని అనుసరించినా ఇదే తీర్పు వస్తుంది.

మొదట ఆ క్లబ్ ఎలాంటిదో చెప్పాలి. వింబుల్డన్ కామన్ అనే విశాలమైన ఊరుమ్మడి బయలులో, సెంట్రల్ స్కూలు పూర్వ విద్యార్థులు కొందరు కలిసి దాన్ని మొదలుపెట్టారు. 1905లో క్లబ్ పేరు చివరనున్న ‘ఓల్డ్ సెంట్రల్స్’ అన్న తోక తీసేశారు. 1912లో ప్లౌ లేన్ అనే మైదానానికి చేరారు. ఆ తరువాత యాభై ఏళ్ళ పాటు అది అమెచ్యూర్ క్లబ్‌గానే, అంటే ఆటగాళ్ళకు జీతాలివ్వని క్లబ్‌గానే నడిచింది. 1963లో అమెచ్యూర్ కప్పు ఫైనల్లో సట్టన్ యునైటెడ్‌ను 4-2తో ఓడించినప్పుడు ఎడ్డీ రేనాల్డ్స్ ఒక్కడే నాలుగు గోల్సూ కొట్టాడు, నాలుగూ తలతోనే. మరుసటి ఏడాది, 1964లో, క్లబ్ ప్రొఫెషనల్ అయి సదరన్ లీగులో చేరింది.

నా దృష్టిలో ఈ క్లబ్ స్వభావం దేశమంతటికీ తెలిసివచ్చింది 1988లో కాదు, 1975లో. ఆ ఏడాది ఎఫ్.ఏ. కప్పులో, ఫుట్‌బాల్ లీగులో, అంటే దేశంలోని పై నాలుగు డివిజన్లలో, స్థానమే లేని వింబుల్డన్, వాటిలో అన్నిటికంటే పైదైన మొదటి డివిజన్ జట్టు బర్న్లీని వాళ్ళ సొంత మైదానంలోనే 1-0తో ఓడించింది. తరువాతి రౌండులో ఇంగ్లండ్ చాంపియన్ లీడ్స్ యునైటెడ్ ఎదురైంది. ఎల్లండ్ రోడ్ మైదానంలో ఇరుజట్లూ గోల్ చేయలేక సతమతమవుతుండగా, ఆట చివరి దశలో లీడ్స్‌కు పెనాల్టీ దొరికింది. కొట్టడానికి వచ్చింది పీటర్ లోరిమర్. ఆ రోజుల్లో బంతిని అంత బలంగా తన్నే ఆటగాడు ఇంగ్లండ్‌లో మరొకడు లేడని పేరు. వింబుల్డన్ గోల్‌కీపర్ డికీ గై ఆ బంతిని ఆపాడు. మ్యాచ్ 0-0గా ముగిసింది. సెల్‌హర్స్ట్ పార్క్‌లో, 45 వేలకు పైగా జనం ముందు మళ్ళీ ఆడితే, తమ ఆటగాడు డేవ్ బాసెట్ కాలికి తగిలి దారి మళ్ళిన ఒక్క గోల్‌తో వింబుల్డన్ ఓడిపోయింది. ఈ డికీ గై పేరును పాఠకులు గుర్తుంచుకోవాలి, మళ్ళీ వస్తుంది.

ఆ ఊపులో వింబుల్డన్ సదరన్ లీగును 1975 నుంచి వరుసగా మూడేళ్ళు గెలిచింది. అయితే ఆ కాలంలో లీగు గెలిచినంత మాత్రాన ఫుట్‌బాల్ లీగులో స్థానం దొరికేది కాదు. నాలుగో డివిజన్ అడుగున నిలిచిన క్లబ్‌లు తమను కొనసాగించమని మిగతా క్లబ్‌లను ఓటు అడగాలి, బయటి క్లబ్‌లు తమను చేర్చుకోమని అడగాలి. 1977లో జరిగిన ఓటింగులో వర్కింగ్‌టన్ అనే క్లబ్‌ను తొలగించి వింబుల్డన్‌ను చేర్చుకున్నారు. నా వాదనకు ఈ ఓటింగే మూలం కాబట్టి దీని దగ్గరికి మళ్ళీ వస్తాను.

అక్కడి నుంచి తొమ్మిదేళ్ళలో, మధ్యలో కిందికి జారుతూ లేస్తూ, క్లబ్ 1986కల్లా మొదటి డివిజన్‌కు చేరింది. ఆ తొలి సీజన్లోనే ఆరో స్థానంలో నిలిచింది. వాళ్ళ ఆట చూడముచ్చటగా ఉండేది కాదు. బంతిని ఎత్తుగా, దూరంగా కొట్టి, దాని వెంట ఒంటి బలంతో పడిపోయేవారు. పత్రికలవారు ‘క్రేజీ గ్యాంగ్’ అన్నారు, పెద్ద క్లబ్‌లవారు చిన్నచూపు చూశారు. 1988 మే 14న వెంబ్లీలో జరిగిన కప్పు ఫైనల్లో ఎదుటిపక్షం లివర్‌పూల్, ఆ ఏడాది లీగు చాంపియన్. డెనిస్ వైజ్ కొట్టిన ఫ్రీ కిక్‌ను లారీ శాంచెజ్ తలతో గోల్‌లోకి మళ్ళించాడు. రెండో అర్ధభాగంలో జాన్ ఆల్డ్రిజ్ కొట్టిన పెనాల్టీని కెప్టెన్, గోల్‌కీపర్ డేవ్ బీసంట్ తన ఎడమ వైపుకు ఎగిరి పక్కకు నెట్టేశాడు. వెంబ్లీలో జరిగిన కప్పు ఫైనళ్ళలో ఒక గోల్‌కీపర్ పెనాల్టీని ఆపడం అదే మొదటిసారి. లీగులో చేరి పదకొండేళ్ళే అయిన క్లబ్ చేతికి కప్పు వచ్చింది. ఇంగ్లండ్ క్లబ్‌లపై అప్పుడు నిషేధం అమలులో ఉండడంతో యూరప్ పోటీల్లో ఆడే అవకాశం మాత్రం రాలేదు.

పతనానికి విత్తనాలు కూడా ఆ కాలంలోనే పడ్డాయి. 1989లో హిల్స్‌బరో మైదానంలో జనం ఒత్తిడికి నలిగి ప్రేక్షకులు చనిపోయిన దుర్ఘటన జరిగింది. దాని మీద విచారణ జరిపిన న్యాయమూర్తి టేలర్, పెద్ద క్లబ్‌ల మైదానాల్లో నిలబడి చూసే అరుగులను తీసేసి అందరికీ కుర్చీలు వేయాలని 1990లో నివేదిక ఇచ్చారు. ప్లౌ లేన్‌ను అలా మార్చడం సాధ్యం కాదని క్లబ్ యాజమాన్యం తేల్చి, 1991లో క్రిస్టల్ ప్యాలెస్ క్లబ్‌కు చెందిన సెల్‌హర్స్ట్ పార్క్‌కు అద్దెకు వెళ్ళింది. కొద్దికాలమే అన్నారు, పన్నెండేళ్ళు గడిచాయి. ఈలోగా ప్లౌ లేన్ స్థలాన్ని ఒక సూపర్‌మార్కెట్ సంస్థకు అమ్మేశారు. చివరికి అక్కడ అపార్ట్‌మెంట్లు వెలిశాయి. తలతో నాలుగు గోల్స్ కొట్టిన ఎడ్డీ రేనాల్డ్స్ జ్ఞాపకార్థం ఆ సముదాయానికి రేనాల్డ్స్ గేట్ అని పేరు పెట్టారు. మైదానాన్ని ఊడ్చేసి, మైదానంలో ఆడినవాడి పేరు గోడకు తగిలించడం నాకు గౌరవంగా తోచదు.

సొంత గూడు లేని క్లబ్‌కు వచ్చే ఆదాయం ఎంత? టికెట్ల మీద కొంత, టీవీ హక్కుల మీద కొంత, ఆటగాళ్ళను అమ్మగా వచ్చేది కొంత. మొదటి డివిజన్‌లో, ఆ తరువాత ప్రీమియర్ లీగులో ఉన్నంతకాలం అది ఎలాగో గడిచింది. యజమాని శామ్ హమ్మామ్ క్లబ్‌ను ఐర్లండ్‌లోని డబ్లిన్‌కు తరలించే ఆలోచన కూడా చేశాడు, అది సాగలేదు. 1997లో ఇద్దరు నార్వే వ్యాపారులు చేయి కలిపారు. 2000 మే 14న, కప్పు గెలిచి సరిగ్గా పన్నెండేళ్ళు నిండిన రోజున, వింబుల్డన్ ప్రీమియర్ లీగు నుంచి కిందికి పడిపోయింది. మరుసటి ఏడాది ఆగస్టులో చైర్మన్ చార్ల్స్ కోపెల్ మిల్టన్ కీన్స్ తరలింపు ప్రకటన చేశాడు.

మిల్టన్ కీన్స్ 1967లో ప్రభుత్వం ప్రణాళిక వేసి కట్టిన పట్టణం. జనాభా బాగా పెరిగినా లీగు స్థాయి ఫుట్‌బాల్ క్లబ్ లేదు. అక్కడ పెద్ద దుకాణాలతో పాటు స్టేడియం కట్టాలన్న ఒక వ్యాపార ప్రణాళిక ఉంది, స్టేడియానికి క్లబ్ కావాలి. అట్టడుగు లీగులో ఒక క్లబ్‌ను మొదలుపెట్టి పైకి తేవడానికి ఏళ్ళు పడుతుంది కాబట్టి, పైన ఉన్నదాన్నే తెచ్చుకుందామనుకున్నారు. ఫుట్‌బాల్ లీగు మొదట కాదంది. మధ్యవర్తుల వద్దకు వెళితే, మళ్ళీ ఆలోచించమన్నారు. ఆఖరికి దేశంలో ఆటను పర్యవేక్షించే ఫుట్‌బాల్ అసోసియేషన్ నియమించిన ముగ్గురు సభ్యుల కమిషన్ 2002 మే 28న ఇద్దరు అవునని, ఒకరు కాదని తరలింపుకు అనుమతి ఇచ్చింది. ఆ నివేదికలో ఒక మాట ఉంది: అభిమానులు కొందరు కోరుకుంటున్నట్లుగా ‘వింబుల్డన్ టౌన్’ వంటి పేరుతో క్లబ్‌ను బూడిదలోంచి మళ్ళీ లేపి, 113 ఏళ్ళ కిందటి స్థితి నుంచి మొదలుపెట్టడం ఫుట్‌బాల్ విస్తృత ప్రయోజనాలకు తగినది కాదని.

ఇప్పుడు వర్కింగ్‌టన్ దగ్గరికి వస్తాను. 1977లో వర్కింగ్‌టన్ తన స్థానం కోల్పోయింది, వింబుల్డన్ ఆ స్థానంలోకి వచ్చింది. అప్పుడు వర్కింగ్‌టన్ గెలిచిన మ్యాచ్‌లు, దాని ఆటగాళ్ళ గోల్స్ లెక్క, దాని అభిమానుల జ్ఞాపకాలు వింబుల్డన్‌కు బదిలీ అయ్యాయని ఎవరైనా అన్నారా? ఊహకైనా అందని మాట అది. వర్కింగ్‌టన్ కింది లీగులో తన పేరుతో, తన చరిత్రతో ఆడుకుంటూ పోయింది. లీగులో స్థానం అనేది ఒక హక్కు మాత్రమేనని, అది ఒకరి నుంచి ఒకరికి పోతుందని, క్లబ్ మాత్రం దానితో పాటు పోదని ఇంగ్లండ్ ఫుట్‌బాల్ ఎన్నో దశాబ్దాలుగా పాటిస్తూ వచ్చిన నియమం ఇదే. 2003లో జరిగినది ఏమిటని ఈ వెలుగులో అడిగితే, రెండో స్థాయి లీగులో ఉన్న ఒక స్థానం మిల్టన్ కీన్స్‌కు పోయింది. ఓటుతో కాక కంపెనీ వాటాలతో పోయింది, అదొక్కటే తేడా. ఆ తేడా బదిలీని మరింత అన్యాయంగా చేస్తుందే తప్ప, చరిత్రను కూడా మూటగట్టి పంపదు.

దీనికి వచ్చే మొదటి అభ్యంతరం చట్టపరమైనది. కంపెనీ ఒకటే, రిజిస్ట్రేషన్ ఒకటే, ఆటగాళ్ళ ఒప్పందాలు అవే, కాబట్టి క్లబ్ కూడా అదేనని అంటారు. మరి కంపెనీయే క్లబ్ అయితే 2002-03 సీజన్లో జరిగినదాన్ని ఎలా అర్థం చేసుకోవాలి? మిల్టన్ కీన్స్‌లో స్టేడియం సిద్ధం కాక, ఆ పాత కంపెనీ జట్టు ఇంకో ఏడాది సెల్‌హర్స్ట్ పార్క్‌లోనే ఆడింది. ఒక మ్యాచ్‌కైతే వెయ్యి మంది కూడా రాలేదు. అదే సీజన్లో, ఇంగ్లండ్ ఫుట్‌బాల్‌లో తొమ్మిదో మెట్టున ఉన్న కంబైన్డ్ కౌంటీస్ లీగులో, అభిమానులు పెట్టుకున్న ఏ.ఎఫ్.సి. వింబుల్డన్ మ్యాచ్‌లకు సగటున మూడు వేల మంది వచ్చారు. ఏడు మెట్లు దిగువన ఆడుతున్న జట్టుకు, పైన ఆడుతున్న జట్టుకంటే ఎక్కువ మంది వచ్చారు. ఆ 2003 వేసవిలోనే పాత కంపెనీ దివాలా దారి పట్టి పాలనాధికారుల చేతికి వెళ్ళింది. 2004లో కొత్త కంపెనీ దాన్ని కొని, పేరును మిల్టన్ కీన్స్ డాన్స్‌గా మార్చింది. అంటే కంపెనీ కొనసాగిందన్న వాదన కూడా నిలవదు.

కొత్త క్లబ్ ఎలా పుట్టిందో కాస్త దగ్గరగా చూడడం నాకిష్టం. కమిషన్ తీర్పు వచ్చిన కొద్ది రోజుల్లోనే అభిమానులు వింబుల్డన్‌లో సమావేశమయ్యారు. అప్పీలు వేద్దామా, ఇంకా పోరాడదామా అన్న చర్చలో, పోరాడి అలసిపోయామని, ఇక ఫుట్‌బాల్ చూడాలనుందని క్రిస్ స్టూవర్ట్ అనే అభిమాన నాయకుడు అన్నాడు. తరువాత అతడే కొత్త క్లబ్‌కు తొలి చైర్మన్ అయ్యాడు. జూన్ 29న ఆటగాళ్ళ ఎంపిక పెట్టారు. స్టేడియం లేదు, శిక్షణ మైదానం లేదు, కనుక 1889లో మొదటి జట్టు ఆడిన వింబుల్డన్ కామన్ పచ్చికలోనే పెట్టారు. వేసవి ఎండలో బూట్లు పట్టుకుని 230 మంది వచ్చారు. ఎవరు పడితే వారు వచ్చి ఆడి చూపించవచ్చు. జూలై 10న తొలి స్నేహపూర్వక మ్యాచ్, ప్రత్యర్థి మళ్ళీ సట్టన్ యునైటెడ్. 4,657 మంది రావడంతో జనం లోపలికి చేరేదాకా ఆట ఆలస్యంగా మొదలుపెట్టాల్సి వచ్చింది. 4-0తో ఓడిపోయారు. ఓడినా జనం మైదానంలోకి దిగి ఆటగాళ్ళను భుజాలకెత్తుకున్నంత పని చేశారు.

ఆ తరువాతి కథ అంకెల్లోనే బాగా వినిపిస్తుంది. 2003 ఫిబ్రవరి నుంచి 2004 డిసెంబరు దాకా వరుసగా 78 లీగు మ్యాచ్‌లు ఓటమి లేకుండా ఆడి, ఇంగ్లండ్ సీనియర్ ఫుట్‌బాల్‌లో రికార్డు నెలకొల్పారు. తొమ్మిదేళ్ళలో ఐదుసార్లు పై మెట్టుకు ఎక్కారు. 2011 మే 21న మాంచెస్టర్‌లో లూటన్ టౌన్‌తో జరిగిన ప్లేఆఫ్ ఫైనల్, అంటే పై మెట్టుకు ఎవరు ఎక్కాలో తేల్చే మ్యాచ్, 0-0గా ముగిసి, పెనాల్టీలదాకా వెళ్ళింది. గోల్‌కీపర్ సెబ్ బ్రౌన్ రెండు ఆపాడు. చివరి పెనాల్టీ కొట్టడానికి కెప్టెన్ డానీ కెడ్వెల్ వచ్చి, పొడవాటి పరుగుతో బంతిని వలలోకి బాదేశాడు. అంతే, ఏ.ఎఫ్.సి. వింబుల్డన్ ఫుట్‌బాల్ లీగులో చేరింది. ఈ క్లబ్‌కు గౌరవ హోదాలో అధ్యక్షుడైన మనిషి డికీ గై. 1975లో లోరిమర్ పెనాల్టీని ఆపిన మనిషి ఏ క్లబ్‌ను తనదనుకున్నాడో చూడండి. కొనసాగింపు అన్నదానికి నేను ఇచ్చే సాక్ష్యాల్లో ఏ రిజిస్ట్రార్ ముద్రకంటే ఇది నాకు బలమైనదిగా కనిపిస్తుంది.

రెండో అభ్యంతరం ఆర్సెనల్ పేరు మీద వస్తుంది. 1913లో ఆర్సెనల్ వూలిచ్ నుంచి థేమ్స్ నది దాటి హైబరీకి వెళ్ళింది కదా, దాని చరిత్రను వూలిచ్‌లో వదిలేసి వెళ్ళమని ఎవరూ అడగలేదే అంటారు. ఇది గట్టి ప్రశ్నే. వూలిచ్ కార్మికులకు ఆనాడు అన్యాయమే జరిగిందని నేను ఒప్పుకుంటాను. అయితే ఆ తరలింపు ఒకే నగరంలో జరిగింది. ట్రాము ఎక్కి, రైలు ఎక్కి పాత అభిమాని వెళ్ళగలిగే దూరం. వూలిచ్‌లో మిగిలినవారు మరో ఆర్సెనల్‌ను నిర్మించి వేలమందితో నడిపించలేదు. చరిత్ర తనదని చెప్పుకునే రెండో హక్కుదారు అక్కడ లేడు. వింబుల్డన్ విషయంలో ఉన్నాడు, మొదటి రోజు నుంచీ ఉన్నాడు.

ఏ.ఎఫ్.సి. వింబుల్డన్‌ను మచ్చలేనిదిగా చూపడం నా ఉద్దేశం కాదు. వాళ్ళు ఆడడం మొదలుపెట్టిన కింగ్స్‌మెడో స్టేడియం, కింగ్‌స్టోనియన్ అనే మరో పాత క్లబ్ కట్టుకున్నది. ఆర్థికంగా చితికిపోయి కింగ్‌స్టోనియన్ దాన్ని పోగొట్టుకున్నాక, 2003లో ఏ.ఎఫ్.సి. వింబుల్డన్ ఆ స్థలం మీద హక్కు కొని, కింగ్‌స్టోనియన్‌ను తన పక్కనే ఆడనిచ్చింది. తరువాత, సొంత ప్రాంతంలో స్టేడియం కట్టుకోవడానికి డబ్బు అవసరమై, కింగ్స్‌మెడోను చెల్సీ క్లబ్‌కు అమ్మింది. 2017లో కింగ్‌స్టోనియన్ ఆ మైదానం వదిలి వెళ్ళాల్సి వచ్చింది. ఇల్లు పోగొట్టుకోవడమంటే ఏమిటో అందరికంటే బాగా తెలిసినవారి నిర్ణయంతో మరో క్లబ్‌కు ఇల్లు లేకుండా పోయింది. దీన్ని సమర్థించడానికి నా దగ్గర మాట లేదు. అయితే అప్పుడు కూడా కింగ్‌స్టోనియన్ చరిత్ర కింగ్‌స్టోనియన్‌తోనే ఉంది. ఎవరూ దాన్ని తమదని రాసుకోలేదు.

మిల్టన్ కీన్స్ అభిమానులను తప్పుపట్టడం కూడా నాకు సమ్మతం కాదు. తమ ఊరికి ఒక జట్టు వస్తే పిల్లలను వెంటబెట్టుకుని చూడడానికి వెళ్ళారు, అంతే. వాళ్ళకు చెప్పుకోదగ్గ చరిత్ర సొంతంగానే ఏర్పడింది. 2014 ఆగస్టులో లీగ్ కప్పులో మాంచెస్టర్ యునైటెడ్‌ను 4-0తో చిత్తుచేసిన రాత్రి పూర్తిగా వాళ్ళది. తరువాత ఇంగ్లండ్ జట్టుకు ఆడిన డెలి ఆలీ ఆట నేర్చుకుని ఎదిగింది వాళ్ళ దగ్గరే. అరువు తెచ్చుకున్న 1988తో వాళ్ళకు పనేమిటి? ఈ సంగతిని ఆ క్లబ్ కూడా గ్రహించింది. అభిమానుల సమాఖ్య మధ్యవర్తిత్వంతో కుదిరిన ఒప్పందం ప్రకారం, పాత వింబుల్డన్ ట్రోఫీలు, గుర్తులు 2007లో వింబుల్డన్ ప్రాంతాన్ని పాలించే మెర్టన్ కౌన్సిల్‌కు అప్పగించారు. 2004కు ముందు చరిత్ర తమది కాదని మిల్టన్ కీన్స్ క్లబ్ అంగీకరించింది. కప్పును కొన్న సంస్థే అది తనది కాదని తిరిగి ఇచ్చేశాక, కంపెనీ పత్రాలు పట్టుకుని వాదించడానికి ఇంకెవరు మిగిలారు?

తరువాతి పనులను ఏ.ఎఫ్.సి. వింబుల్డన్ అభిమానులే ముగించుకున్నారు. క్లబ్ వాళ్ళదే. ‘డాన్స్ ట్రస్ట్’ అనే సభ్యుల సంఘం చేతిలో దాని పగ్గాలు ఉన్నాయి. పాత మైదానానికి కొన్ని వందల గజాల దూరంలో, కుక్కల పందేల స్టేడియం ఉన్న చోట, కొత్త ప్లౌ లేన్ కట్టడం మొదలుపెట్టారు. మధ్యలో డబ్బు చాలక, బయటి పెట్టుబడిదారులకు పగ్గాలు ఇవ్వాలా అన్న ప్రశ్న వచ్చింది. అభిమానులు బాండ్లు కొని 50 లక్షల పౌండ్లకు పైగా పోగుచేశారు. 2020 నవంబరు 3న డాన్‌కాస్టర్ రోవర్స్‌తో 2-2గా ముగిసిన మ్యాచ్‌తో, 29 ఏళ్ళ తరువాత వింబుల్డన్ జట్టు ప్లౌ లేన్‌కు తిరిగివచ్చింది. కోవిడ్ నిబంధనల వల్ల ఆ రోజు స్టాండ్స్‌లో ఒక్క అభిమాని కూడా లేడు, బాండ్లు కొన్నవారంతా ఇళ్ళలో తెరల ముందు కూర్చుని చూశారు.

ఒక్క లెక్క మాత్రం ఇంకా తేలలేదు. ‘డాన్స్’ అనేది వింబుల్డన్ పేరు చివరి అక్షరాల నుంచి వచ్చిన ముద్దుపేరు. మిల్టన్ కీన్స్ అన్న మాటలో దానికి చోటే లేదు. ఆ పేరు వదిలేయమని వింబుల్డన్ అభిమానులు ఏళ్ళ తరబడి అడుగుతున్నారు. 2017లో రెండు జట్లూ తలపడినప్పుడు వింబుల్డన్ క్లబ్ తన మ్యాచ్ పుస్తకంలో, స్కోరు బోర్డుపైనా ‘డాన్స్’ అన్న మాట లేకుండా ప్రత్యర్థి పేరు వేస్తే, లీగు అధికారులు వింబుల్డన్ మీదే అభియోగం మోపారు, తరువాత వెనక్కి తీసుకున్నారు. ట్రోఫీలు తిరిగి ఇచ్చినవారు పేరు ఉంచుకోవడంలో న్యాయం నాకు కనిపించదు. ఇన్నేళ్ళలో మిల్టన్ కీన్స్‌కు తన విజయాలు, తన ఓటములు, తన స్టేడియం, తన తరం అభిమానులు ఏర్పడ్డారు. ఆ పేరు మార్చుకుంటే ఆ పట్టణానికి పోయేదేమీ లేదు. లీగు యాజమాన్యం చొరవ తీసుకోకపోయినా, ఆ క్లబ్ తనంతట తానే ‘డాన్స్’ అన్న మాటను వచ్చే సీజన్ లోపే వదిలేయాలి.